డి డ్రైవ్ మొత్తం ఎక్సెప్షన్‌లో పెట్టకండి సామీ

తిరుపతిలో మీకు తెలిసిన ఏ అంగడికైనా పోండి. పెండ్లి పత్రికలు వేసే డీటీపీ సెంటరు కావచ్చు, ఆడిటర్ ఆఫీసు కావచ్చు, బస్టాండు పక్కన దర్శనం టికెట్లు బుక్ చేసే నెట్ సెంటరు కావచ్చు. కంప్యూటరు ముందు కూర్చుని విండోస్ సెక్యూరిటీ తెరవండి. వైరస్ అండ్ త్రెట్ ప్రొటెక్షన్‌లోకి పోయి, మేనేజ్ సెట్టింగ్స్ నొక్కి అడుగుదాకా దిగితే ఎక్స్‌క్లూజన్స్ అని ఒక వరస ఉంటుంది, మనవాళ్ళు ఎక్సెప్షన్ అనేది దీన్నే. దాన్ని తెరిస్తే చాలా చోట్ల కనిపించేది ఒకటే అక్షరం: డి. అంటే డి డ్రైవ్ మొత్తాన్ని యాంటీవైరస్ చూడకుండా వదిలేయమని ఎవరో ఎప్పుడో చెప్పి పెట్టారు. ఎవరని అడిగితే ఓనరుకు గుర్తుండదు. "టాలీ స్లో అయితా ఉంటే సర్వీసు పిల్లోడు ఏందో చేసిపోయినాడు సామీ, అప్పటి నుంచి బాగానే ఉండాది" అంటాడు. ఆ పిల్లోడు ఈపాటికి బెంగళూరులో ఉద్యోగంలో చేరిపోయి ఉంటాడు. అతను పెట్టిన వరస మాత్రం ఇంకా అక్కడే ఉంది.

చిన్న ఆఫీసుల్లో, అంగళ్ళలో కంప్యూటర్లు చూసుకోవడం నా పని. ఎక్స్‌క్లూజన్ అనగానే పాపం అనేవాళ్ళలో నేను లేను. ఇవ్వాల్సిన చోట ఇస్తాను. నా వాదన వేరే. ఫలానా ప్రోగ్రామ్ మంచిది, నమ్మకమైన కంపెనీది అనుకుని మనం ఎక్స్‌క్లూజన్ ఇస్తాం. కానీ యాంటీవైరస్‌కు మనం రాసిచ్చేది ఆ ప్రోగ్రామ్ గుణగణాలు కాదు, ఒక ఫోల్డరు చిరునామా. ఆ చిరునామాలో ఈరోజు లెక్కలు రాసుకునే టాలీ ఉండొచ్చు. రేపు అదే చిరునామాలో ఇంకేది వచ్చి కూర్చున్నా దానికీ అదే మర్యాద దక్కుతుంది. మన ఊళ్ళో సర్వీసుకు వచ్చేవాళ్ళు ఈ తేడా పట్టించుకోరు. పెద్ద పెద్ద కంపెనీలు కూడా పట్టించుకోలేదు, ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు ఆ సర్వీసు పిల్లోడి తరఫున నాలుగు మాటలు చెప్పాలి. అతను సోమరితనంతో ఆ పని చేయలేదు. యాంటీవైరస్ నిజంగానే అడ్డం పడుతుంది. చిత్తూరు వైపు ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో జరిగింది చెప్తాను. తోతాపురి సీజన్, జూన్ నెల. గేటు బయట ట్రాక్టర్లు, లారీలు రోడ్డు పొడుగునా నిలబడి ఉన్నాయి. లోపల కాటా. బండి ఎక్కగానే బరువు చూపే ఇండికేటరు నుంచి ఒక సీరియల్ కేబులు కంప్యూటరుకు వస్తుంది. అందులో ఒక చిన్న ప్రోగ్రామ్ ఆ అంకె చదువుకుని కాటా చీటీ ప్రింటు ఇస్తుంది. ఆ ప్రోగ్రామ్‌ను తమిళనాడులో ఎవరో ఎప్పుడో విజువల్ బేసిక్‌లో రాశారు. దాన్ని ఎవరు తయారుచేశారో రుజువు చూపే డిజిటల్ సంతకం లేదు. సైజు తగ్గించడానికి ప్యాకరుతో కుదించారు. ప్రపంచం మొత్తం మీద కొన్ని కాటాల దగ్గర తప్ప ఆ ఫైలు ఇంకెక్కడా ఉండదు. సంతకం లేదు, కుదించిన ఫైలు, ఎవరూ వాడరు: వైరస్‌కు ఉండే లక్షణాల్లో మూడు దీనికీ ఉన్నాయి. ఒక తెల్లవారుజామున యాంటీవైరస్ కొత్త అప్‌డేట్ తెచ్చుకుని దీన్ని పట్టుకుపోయి క్వారంటైన్‌లో వేసింది.

ఆరు గంటలకు డ్యూటీకి వచ్చిన కుర్రాడికి స్క్రీన్ మీద ఐకాన్ ఉంది, నొక్కితే ఏమీ రాదు. చేత్తో చీటీ రాస్తానంటే రైతులు ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకుంటారు? కాటా దగ్గర మోసం జరుగుతుందేమోనన్న అనుమానం ఆ లైన్లో ఎప్పుడూ ఉండేదే. ఎండ ఎక్కే కొద్దీ కాయ మెత్తబడుతుంది, బాడుగ బండి వెయిటింగు పెరుగుతుంది. మేనేజరు ఫోన్‌లో చెప్పిన మాట ఒకటే: "ముందు ఆ యాంటీవైరస్ తీసి పారేయ్‌రా." తీసి పారేశారు. సీజన్ అయిపోయేదాకా ఆ కంప్యూటరు అట్లే నడిచింది. రైతులకు డబ్బులు వేసే బ్యాంకు లాగిన్ కూడా అదే కంప్యూటర్లోనే.

ఎక్స్‌క్లూజన్ అసలు ఇవ్వనే కూడదని గట్టిగా వాదించేవాళ్ళు నాకు కొందరు తెలుసు. వాళ్ళకు నేను ఈ కాటా కథే చెప్తాను. ఒక్క ఫైలుకు ఎక్స్‌క్లూజన్ ఇవ్వడం ఆ కుర్రాడికి తెలిసి ఉంటే మొత్తం కాపలా ఎత్తేసే అవసరం వచ్చేది కాదు. పని ఆగిపోయినప్పుడు మనిషి దగ్గర ఉన్న మొదటి దారి పడతాడు. ఆ మొదటి దారి ఇరుకైనదిగా ముందే చేసి పెట్టడమే మనలాంటి వాళ్ళ పని.

పైగా యాంటీవైరస్‌లు తప్పు చేయవనుకోవడం కూడా భ్రమే. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ 5958 అనే అప్‌డేట్ విడుదల చేసింది. విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 ఉన్న కంప్యూటర్లలో అది ఎస్‌వీసీహోస్ట్ అనే ఫైలును వైరస్ అనుకుంది. అది విండోస్ సొంత ఫైలు, అది లేకపోతే విండోసే లేదు. ఆఫీసులకు ఆఫీసుల్లో కంప్యూటర్లు ఆగకుండా రీస్టార్టు అవుతూ కూర్చున్నాయి. పేరున్న కంపెనీ, పేరున్న విండోస్ ఫైలు విషయంలోనే అంత పొరపాటు పడితే, ఊరూ పేరూ లేని కాటా ప్రోగ్రామ్‌ను అనుమానించడంలో వింత ఏముంది?

సరే, ఎక్స్‌క్లూజన్ ఇస్తే లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఒక ఫైలును ఏ ప్రోగ్రామైనా తెరవబోయినప్పుడు ఆ పిలుపు నేరుగా డిస్కుకు పోదు. విండోస్ అడుగున కూర్చున్న ఒక ఫిల్టర్ డ్రైవరు మధ్యలో ఆపి, ఫైలు చూసి, బాగుందనుకుంటే వదులుతుంది. విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌కూ ఉంది, మిగతావాటికీ ఉంది. ఎక్స్‌క్లూజన్ అంటే ఆ ఫిల్టరుకు చెప్పే మినహాయింపు. డిఫెండర్‌లో ఇది నాలుగు రకాలు: ఒక ఫైలు, ఒక ఫోల్డరు, ఒక రకం ఫైళ్ళు, ఒక ప్రాసెస్ (అంటే నడుస్తున్న ప్రోగ్రామ్).

మన ఊరివాళ్ళకు అలిపిరితో చెప్తే తొందరగా అర్థమవుతుంది. కొండకు పోయే ప్రతి బండినీ అక్కడ ఆపి, దింపి, సామాన్లు స్కానర్లో వేసి పంపిస్తారు. ఫైలుకు ఎక్స్‌క్లూజన్ ఇవ్వడమంటే ఫలానా నంబరు బండిని ఆపొద్దని చెప్పడం. ఫోల్డరుకు ఇవ్వడమంటే ఒక లైన్ మొత్తం తనిఖీ లేకుండా వదిలేయడం. ఆ లైన్లో తెలిసిన బండి పోతుంది, దాని వెనకాలే తెలియని బండీ పోతుంది. ఫైలు రకానికి ఇవ్వడమంటే ఇన్నోవాలన్నీ వదిలేయమనడం. ప్రాసెస్‌కు ఇవ్వడం కొంచెం తిరకాసు వ్యవహారం: డ్రైవరును ఆపి చూస్తారు, కానీ అతను ఎత్తి తెచ్చిన మూటలు మాత్రం విప్పరు.

ఈ చివరిది చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటారు. డిఫెండర్‌లో ఒక ప్రాసెస్‌ను ఎక్స్‌క్లూజన్‌లో పెడితే, ఆ ప్రాసెస్ తెరిచే ఫైళ్ళను రియల్ టైమ్‌లో, అంటే తెరిచే క్షణంలో, చూడదు. ఆ ప్రోగ్రామ్ ఫైలును మాత్రం చూస్తూనే ఉంటుంది. కాబట్టి కాటా ప్రోగ్రామ్‌ను క్వారంటైన్ నుంచి కాపాడుకోవాలంటే ప్రాసెస్ ఎక్స్‌క్లూజన్ పనికిరాదు, ఫైలు ఎక్స్‌క్లూజన్ కావాలి. ఇంకో సంగతి, ఈ ప్రాసెస్ మినహాయింపు రియల్ టైమ్ కాపలాకే వర్తిస్తుంది. వారానికోసారి నడిచే షెడ్యూల్డ్ స్కాన్ దాన్ని లెక్కలోకి తీసుకోదు. అందుకే టాలీ లాంటి వాటికి, అంటే పెద్ద డేటా ఫైళ్ళను గంటకు వందలసార్లు తెరిచి మూసే వాటికి, నాకు ప్రాసెస్ ఎక్స్‌క్లూజనే ఇష్టం. పగలు పని ఆగదు, ఫుల్ స్కాన్ నడిచినప్పుడు డేటా ఫోల్డరు కూడా ఒకసారి కంట పడుతుంది.

ప్రాసెస్ రాసేటప్పుడు కూడా మనవాళ్ళు ఉత్త ఫైలు పేరు రాసి ఊరుకుంటారు. ఏ డ్రైవ్, ఏ ఫోల్డరు అని పూర్తి దారి రాయాలి. ఉత్త పేరే రాస్తే అదే పేరు పెట్టుకుని డౌన్‌లోడ్స్ ఫోల్డర్లోంచి లేచిన ఏ దొంగ ప్రోగ్రామ్‌కైనా అదే వెసులుబాటు దొరుకుతుంది. పేరు మార్చుకోవడం ఎంతసేపు?

ఇప్పుడు పెద్ద కంపెనీల కథ. అమెరికాలో కసేయా అని ఒక కంపెనీ ఉంది. మనలాంటి సర్వీసువాళ్ళు వేల కంప్యూటర్లను దూరం నుంచి చూసుకోవడానికి వీఎస్‌ఏ అనే సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. ఒక్కో కంప్యూటర్లో కూర్చునే దాని ఏజెంటు సి డ్రైవ్‌లో కేవర్కింగ్ అనే ఫోల్డర్లో పని చేసేది. మా ప్రోగ్రామ్ సరిగ్గా నడవాలంటే మా ఫోల్డర్లను యాంటీవైరస్ ఎక్స్‌క్లూజన్‌లో పెట్టండని కంపెనీ సూచనల్లోనే ఉండేది. అందరూ పెట్టారు. 2021 జూలై 2న రెవిల్ అనే ముఠా వీఎస్‌ఏ సర్వర్లలో ఒక లోపం పట్టుకుని లోపలికి దూరింది. దూరాక, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే తమ రాన్సమ్‌వేర్‌ను ఎక్కడ దించారనుకున్నారు? ఆ కేవర్కింగ్‌లోనే. అక్కడితో ఆగలేదు. డిఫెండర్ రియల్ టైమ్ కాపలాను ఆపే కమాండు నడిపి, డిఫెండర్‌దే ఒక పాత అసలు ఫైలును పక్కన పెట్టుకుని, దాని చేతనే తమ దొంగ డీఎల్‌ఎల్‌ను (ప్రోగ్రామ్‌లు లోపలికి పిలుచుకునే కోడ్ ఫైలు) లేపించారు. కసేయా చెప్పిన లెక్క ప్రకారమే 1,500 దాకా వ్యాపారాలు దెబ్బతిన్నాయి. స్వీడన్‌లో కూప్ అనే కిరాణా సంస్థ బిల్లింగ్ యంత్రాలు నడవక సుమారు 800 అంగళ్ళు మూసుకుంది. దెబ్బతిన్నవాళ్ళలో చాలామంది కసేయా పేరు కూడా వినని వాళ్ళు. వాళ్ళ కంప్యూటర్లు చూసుకునేవాడు కసేయా వాడాడు, అంతే.

దానికి ఏడు నెలల ముందు, 2020 డిసెంబరులో బయటపడిన సోలార్‌విండ్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ వ్యవహారమూ ఇదే తంతు. ఒరియన్ అనే వాళ్ళ ప్రోగ్రామ్ అప్‌డేట్‌లోనే దొంగ కోడ్ చేరింది. దాని మీద కంపెనీ సొంత డిజిటల్ సంతకమే ఉంది. ఆ అప్‌డేట్ సుమారు 18,000 సంస్థలకు చేరింది. ఒరియన్ ఫోల్డర్లను కూడా యాంటీవైరస్ నుంచి మినహాయించమని సపోర్టు పేజీలో సలహా ఉండేది. ఆ దొంగ కోడ్ పెద్ద నైపుణ్యంతో రాసింది, మినహాయింపు లేకపోయినా యాంటీవైరస్ పట్టేదని నేను అనను. కానీ బయటపడ్డాక శుభ్రం చేసే రోజుల్లో, ఆ కోడ్‌ను గుర్తుపట్టే కొత్త అప్‌డేట్లు యాంటీవైరస్‌కు వచ్చాక కూడా ఆ ఫోల్డర్ల వైపు చూడకూడదని రాసిపెట్టి ఉంటే ఏం లాభం?

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం ఈ రెండూ కాదు, 2023 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ ఎక్స్చేంజ్ బృందం చేసిన పని. ఎక్స్చేంజ్ మెయిల్ సర్వర్‌కు ఏ ఫోల్డర్లు, ఏ ప్రాసెస్‌లు యాంటీవైరస్ నుంచి వదిలేయాలో వాళ్ళే ఏళ్ళ తరబడి పెద్ద జాబితా ఇస్తూ వచ్చారు. ఆ నెలలో అందులోంచి కొన్నింటిని తీసేయమన్నారు: ఏఎస్‌పీ డాట్ నెట్ తాత్కాలిక ఫైళ్ళ ఫోల్డరు, ఇనెట్‌సర్వ్ ఫోల్డరు, కమాండ్లు నడిపే పవర్‌షెల్ ప్రాసెస్, వెబ్ సర్వర్ నడిపే డబ్ల్యూ3డబ్ల్యూపీ ప్రాసెస్. వాటిని వదిలేసి ఉంచితే దూరం నుంచి సర్వర్‌ను ఆడించడానికి దొంగలు పెట్టే వెబ్‌షెల్లు కనబడకుండా పోతున్నాయన్నారు. తీసేసినా కొత్త ఎక్స్చేంజ్ వెర్షన్లలో వేగానికి, స్థిరత్వానికి ఢోకా లేదన్నారు. అంటే ఒకప్పుడు అవసరమైన మినహాయింపులకు ఆ అవసరం తీరిపోయింది. ఒకరు కూర్చుని మళ్ళీ చూస్తే గానీ అది తెలియలేదు. మైక్రోసాఫ్ట్ తన జాబితాను తనే మళ్ళీ చూసుకుంది. మన డి డ్రైవ్‌ను మళ్ళీ చూసేదెవరు?

"మన అంగడికి అంత పెద్ద దొంగ ఎందుకొస్తాడన్నా?" అని అడుగుతారు. దొంగ చిరునామా చూసుకుని రాడు. 2017 మే నెలలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి, అందులో మన చిత్తూరు జిల్లావీ ఉన్నాయి. ఎక్స్‌క్లూజన్ల వల్ల వచ్చింది కాదది, విండోస్ అప్‌డేట్లు వేయకపోవడం వల్ల వచ్చింది. కానీ ఎక్కడో ఎవరి మీదో వదిలింది ఇక్కడిదాకా వస్తుందా అనే ప్రశ్నకు జవాబు అప్పుడే దొరికిపోయింది.

అసలు మన అంగళ్ళకు వైరస్ వచ్చే దారి ఇంటర్నెట్ కంటే ముందు పెన్ డ్రైవ్. యూనివర్సిటీ పక్క జిరాక్స్ అంగట్లో రోజంతా పిల్లలు ప్రాజెక్టు ప్రింటు కోసం పెన్ డ్రైవ్‌లు గుచ్చుతూనే ఉంటారు. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయే ఆ పాత తెగులు ఇంకా తిరుగుతూనే ఉంది. అంగడివాడు ఫైలు కాపీ చేసుకునేది ఎక్కడికి? డి డ్రైవ్‌కే. సి డ్రైవ్‌లో పెడితే ఫార్మాట్ చేసినప్పుడు పోతుందని అందరికీ ఒక జాగ్రత్త ఉంది కదా. మంచి జాగ్రత్తే. కానీ బయటి సరుకంతా వచ్చి దిగేదీ, యాంటీవైరస్ చూడొద్దని రాసిపెట్టిందీ ఒకే చోటు అయిపోయింది.

ఇంకొక లోతైన తేడా ఉంది. సి డ్రైవ్‌లోని ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్లో ఏదైనా రాయాలంటే అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలి. డి డ్రైవ్‌లో మామూలుగా లాగిన్ అయిన ఎవరైనా రాసుకోవచ్చు, విండోస్ అట్లాగే ఇస్తుంది. ప్రోగ్రామ్ ఫైల్స్ లోపలి ఫోల్డరును మినహాయిస్తే, అక్కడికి దొంగ ఫైలు చేరాలంటే ముందు అడ్మిన్ హక్కు సంపాదించుకోవాలి. డి డ్రైవ్‌లో టాలీ ఫోల్డరును మినహాయిస్తే మెయిల్ అటాచ్‌మెంట్ నొక్కిన అమ్మాయి హక్కులే చాలు. ఫోల్డరు ఎక్స్‌క్లూజన్ తప్పనిసరైతే, ఆ ఫోల్డర్లో ఎవరెవరు రాయగలరో చూసి, ప్రోగ్రామ్ ఉండే చోట మామూలు యూజర్లకు రాసే హక్కు తీసేయాలి. డేటా వేరే ఫోల్డర్లో ఉంటే ఇది కష్టం కాదు.

దొంగలకు ఈ జాబితా విలువ బాగా తెలుసు. విండోస్ 10లో చాలాకాలం ఏ యూజరైనా విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలోంచి ఎక్స్‌క్లూజన్ల జాబితా చదువుకునే వీలుండేది. ఇది 2022 జనవరిలో బాగా చర్చకొచ్చింది, ఆ ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ మూసేసింది. ఇప్పుడు చూడాలంటే అడ్మిన్ కావాలి. మన అంగళ్ళలో అందరూ అడ్మిన్‌గానే లాగిన్ అవుతారు కాబట్టి మనకు మారిందేమీ లేదు! అడ్మిన్ హక్కు దొరికిన వైరస్ ఇంకో పని కూడా చేస్తుంది: యాడ్ ఎంపీప్రిఫరెన్స్ అనే ఒక్క పవర్‌షెల్ కమాండుతో తన ఫోల్డరును తనే జాబితాలో చేర్చుకుంటుంది. డిఫెండర్ సెట్టింగులను ఇతరులు మార్చకుండా చూసే టాంపర్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉంది కదా అనకండి, ఇళ్ళలో, అంగళ్ళలో వాడే కంప్యూటర్లలో అది ఈ జాబితాను కాపాడదు. అందుకే కొత్త ఆఫీసుకు పోగానే నేను మొదట చూసేది ఆ వరసే. ఎవరూ పెట్టని పేరు అక్కడ కనిపిస్తే, వైరస్ దొరకడానికి ముందే వైరస్ వచ్చిపోయిన ఆనవాలు దొరికినట్టు. ఈవెంట్ వ్యూయర్లో డిఫెండర్ లాగు తెరిస్తే 5007 నంబరుతో సెట్టింగులు మారినప్పుడల్లా ఒక నమోదు ఉంటుంది, ఏ రోజు చేరిందో అక్కడ బయటపడుతుంది.

స్లో అవుతోందన్న ఫిర్యాదు సంగతికొస్తే, అందులో సగం చోట్ల నేరం యాంటీవైరస్‌ది కాదని నా అనుభవం. ఒక ఆడిటర్ ఆఫీసులో జీఎస్టీ రిటర్నుల గడువు రోజుల్లో టాలీ నత్తలా నడుస్తోందన్నారు. డిఫెండర్‌లోనే కొలిచే పరికరం ఒకటి ఉంది: న్యూ ఎంపీపర్ఫార్మెన్స్‌రికార్డింగ్ అని పవర్‌షెల్‌లో కొడితే రికార్డింగ్ మొదలవుతుంది, కాసేపు మామూలుగా పని చేసుకుని ఆపాలి. తర్వాత గెట్ ఎంపీపర్ఫార్మెన్స్‌రిపోర్ట్‌కు ఆ రికార్డింగ్ ఇచ్చి అడిగితే ఏ ఫైలు, ఏ రకం, ఏ ప్రాసెస్ స్కానింగుకు ఎంత సమయం పట్టిందో చెప్తుంది. ఆ ఆఫీసులో సమయం తింటున్నది టాలీ డేటా కాదు. ఎవరో పెట్టిన బ్యాకప్ ప్రోగ్రామ్ పనివేళల్లోనే మాటిమాటికీ మొత్తం డేటాను జిప్ చేసి అదే డిస్కులో పడేస్తోంది. యాంటీవైరస్ ఆ జిప్‌లను విప్పి విప్పి చూస్తోంది. బ్యాకప్‌ను రాత్రికి మార్చాం. ఎక్స్‌క్లూజన్ అవసరమే పడలేదు. ఇంకొన్ని చోట్ల పాత హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేస్తే ఫిర్యాదు ఆగిపోయింది.

అసలు సంబంధమే లేని చోట ఎక్స్‌క్లూజన్ ఇచ్చి చేతులు దులుపుకోవడం ఇంకో రకం. మీసేవ సెంటర్లలో వేలిముద్ర యంత్రం పట్టలేదంటారు. ఆధార్ వేలిముద్రకు వాడే ఆర్‌డీ సర్వీసు కంప్యూటర్లోనే 11100 నుంచి 11120 దాకా ఉన్న పోర్టుల్లో ఒకదాని మీద కూర్చుని బ్రౌజరుతో మాట్లాడుతుంది. యాంటీవైరస్‌లో వెబ్ రాకపోకలు చూసే భాగం వేరు, ఫైళ్ళు చూసే భాగం వేరు. అడ్డుపడింది మొదటిదైతే, రెండోదాంట్లో ఫోల్డరు చేర్చి ఏం ప్రయోజనం? యంత్రం పట్టదు, కుర్రాడు ఇంకో ఫోల్డరు చేరుస్తాడు, ఆఖరికి ఏదో రీస్టార్టులో అదే సర్దుకుంటుంది. చేర్చిన ఫోల్డర్లు మాత్రం జాబితాలో మిగిలిపోతాయి. రాన్సమ్‌వేర్ నుంచి డాక్యుమెంట్లను కాపాడే కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ కూడా ఇట్లాంటిదే. అది ఒక ప్రోగ్రామ్‌ను ఫైలు సేవ్ చేయనివ్వకపోతే, అనుమతి ఇవ్వాల్సిన చోటు దానికి విడిగా ఉంది.

ఇంజనీరింగ్ కాలేజీ పిల్లల కష్టం నిజమైనదే. ఒక చిన్న వెబ్ ప్రాజెక్టుకు కూడా నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్లో వేలాది చిన్న ఫైళ్ళు దిగుతాయి, ప్రతిదాన్నీ ఫిల్టరు ఆపి చూస్తుంది. వాళ్ళు యూజర్స్ ఫోల్డరు మొత్తాన్ని మినహాయిస్తారు, అది డి డ్రైవ్ కంటే ఘోరం, డౌన్‌లోడ్స్ ఉండేది అక్కడే. విండోస్ 11లో 2023 నుంచి డెవ్ డ్రైవ్ అని ఒకటి వచ్చింది. కనీసం 50 జీబీ కేటాయించాలి. అందులో డిఫెండర్ ఫైలును ముందు తెరవనిచ్చి తర్వాత చూస్తుంది. వేగమూ వస్తుంది, చూపూ పూర్తిగా పోదు. అది చాలు మీకు.

డీటీపీ అంగళ్ళ సంగతి మాత్రం నేను మెత్తగా మాట్లాడలేను. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఈరోజుకీ మన ఊళ్ళో దాని మీదే పెండ్లి పత్రికలు తయారవుతున్నాయి. దానితో పాటు పాత తెలుగు ఫాంట్ల కీబోర్డు సాఫ్ట్‌వేర్లు. ఇవి మనం కొట్టే ప్రతి కీనీ మధ్యలో పట్టుకుని తెలుగు అక్షరంగా మారుస్తాయి. పాస్‌వర్డులు దొంగిలించే కీలాగర్ చేసే పని కూడా ఇంచుమించు అదే కాబట్టి యాంటీవైరస్ ఉలిక్కిపడటంలో అన్యాయం లేదు. డబ్బు పెట్టి కొన్న అసలు కాపీ అయితే దాని ఫైలుకు నేనే ఎక్స్‌క్లూజన్ ఇస్తాను. కానీ అంగట్లో ఉండేది ఎవరో పెన్ డ్రైవ్‌లో ఇచ్చిన క్రాక్. దానితో పాటు ఒక నోట్‌ప్యాడ్ ఫైలు: "ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపండి." క్రాక్ చేసినవాడు ఎవరో తెలియదు, లోపల ఇంకేం కలిపాడో తెలియదు, కాపలా తీసేయమని అతనే అడుగుతున్నాడు. ఆ మాట విని తీసేసేవాళ్ళకు నేను సర్వీసు చేయను. ఇందువల్ల ఒకరిద్దరు కస్టమర్లు పోయారు, పోనీ.

మళ్ళీ కాటా దగ్గరికి వద్దాం, అక్కడ ఏం చేయాలో చెప్పకుండా తిడితే ఏం బాగుంటుంది. ప్రోగ్రామ్‌ను సి డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ కింద పెట్టాం. ఆ ఒక్క ఫైలుకు, పూర్తి దారితో, ఎక్స్‌క్లూజన్ ఇచ్చాం. డేటాబేస్ వేరే ఫోల్డరుకు మారింది, దానికి మినహాయింపు లేదు. దారి రాసేటప్పుడు యూజర్‌ప్రొఫైల్ లాంటి వేరియబుల్స్ వాడకూడదు. డిఫెండర్ సిస్టమ్ ఖాతాలో నడుస్తుంది కాబట్టి దానికి ఆ మాట మీ యూజరు ఫోల్డరుగా అర్థం కాదు. ఆ ఫైలును మైక్రోసాఫ్ట్‌కు తప్పుగా పట్టుకున్నారని పంపించాం. మీరు వాడేది వేరే కంపెనీ యాంటీవైరస్ అయితే వాళ్ళకు పంపండి, అందరికీ ఇట్లాంటి ఏర్పాటు ఉంటుంది. పంపే ముందు, ఒకే ఫైలును చాలా యాంటీవైరస్‌లకు చూపించే వైరస్‌టోటల్ వెబ్‌సైటులో వేసి ఎన్ని ఇంజన్లు అనుమానిస్తున్నాయో చూడొచ్చు. కానీ అక్కడ వేసిన ఫైలు వాళ్ళ చందాదారులకు కూడా అందుతుంది, కాబట్టి ప్రోగ్రామ్ ఫైలు వేయండి గానీ క్లయింటు బ్యాలెన్స్ షీట్ వేయకండి.

పెట్టింది పని చేస్తోందా అని చూడటానికి ఐకార్ పరీక్ష ఫైలు ఉంది. 68 అక్షరాల హానిలేని వరస, దాన్ని చూస్తే ప్రతి యాంటీవైరస్ వైరస్ అన్నట్టే అరుస్తుంది. కాటా ప్రోగ్రామ్ పక్కనే అది పెట్టి చూశాం, పట్టుకుంది. డి డ్రైవ్‌లో పెట్టి చూశాం, పట్టుకుంది. అంటే మినహాయింపు ఆ ఒక్క ఫైలు దాటి బయటికి పోలేదు. ఇదే పరీక్ష మీ అంగట్లో చేసి చూడండి, ఎక్కడెక్కడ అరవకుండా ఊరుకుందో రాసుకోండి.

ప్రోగ్రామ్ రాసినాయనకు ఫోన్ చేసి, డిజిటల్ సంతకంతో కొత్త ఫైలు ఇవ్వమని అడిగాం. "ఇన్నేళ్ళుగా ఎవరూ అడగలేదే" అన్నాడాయన. నాకు కోపం వచ్చింది గానీ ఆయన మాట అబద్ధం కాదు. ఎక్సెప్షన్‌లో పెట్టుకోండని చెప్పడం ఆయనకు ఖర్చులేని పని, సంతకానికి ఏటా డబ్బు కట్టాలి. కొనేవాళ్ళు అడగనంతకాలం ఆ ఖర్చు ఆయన పెట్టడు, రిస్కు మనం మోస్తాం. సాఫ్ట్‌వేర్ అమ్మేవాడు ఫోల్డరు మొత్తం వదిలేయమన్నప్పుడు ఏ ఫైలుకు, ఏ కారణానికి, ఎన్నాళ్ళకని రాతపూర్వకంగా అడగండి. చాలామంది రెండో ప్రశ్న దగ్గరే ఫోల్డరు నుంచి ఫైలుకు దిగుతారు.

ఇప్పుడు ఆ కాటా కంప్యూటరు సీపీయూ మీద ఒక చీటీ అంటించి ఉంది. ఏ ఫైలుకు మినహాయింపు, ఎందుకు, ఎవరు పెట్టారు, ఏ తేదీన, సీజన్ ముగిశాక మళ్ళీ చూడాలి అని. మేనేజరు ఆ చీటీ కింద తన చేత్తో ఇంకో లైను చేర్చాడు: బ్యాంకు లాగిన్ ఇక్కడ చేయరాదు. అది నేను అడగలేదు.